తువ్వాలు కొసన ముడి

పాస్టరు దేవవరం అయ్యగారిని ఏదైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, చెప్పులు వేసుకుంటారు. అడిగినవాడు వెనకాల నడవాల్సిందే. ఆ రోజు అడిగింది ఆయన శిష్యుడు జక్రయ్య. వారమంతా బైబిల్లోని ధర్మశాస్త్రం చదివి విసిగిపోయి ఉన్నాడు.

"దేవుడు మనల్ని ప్రేమించేవాడైతే ఇన్ని ఆజ్ఞలెందుకండీ? కట్టిపడేస్తే అది ప్రేమెలా అవుతుంది?"

అయ్యగారు చెప్పులు వేసుకుని సముద్రం ఒడ్డుకు దారితీశారు.

అప్పుడే ఒక పడవ వల నిండా చేపలతో ఒడ్డుకు చేరింది. వేట బాగా పడిన రోజున పడవ నడిపే సరంగు తన చేత్తో సారా పోస్తాడు. చేపల జాడ కనిపెట్టినవాడికి మొదటి గ్లాసు. వద్దంటే పెద్దమనిషిని అవమానించినట్టే. ఆ రోజు జాడ కనిపెట్టింది బర్నబా.

ఒకప్పుడు పీకలదాకా తాగేవాడు బర్నబా. భార్య ఎస్తేరు ఏడుపు చూడలేక మానేశాడు, ఆ సంగతి ఊరందరికీ తెలుసు. అతను వేటకు బయల్దేరేటప్పుడు ఆమె తువ్వాలు కొసన ముడి వేసి, తాగొద్దని చెప్పేది. తిరిగొచ్చాక తనే విప్పేది. ఇప్పుడామె కాన్పుకు పుట్టింటికి వెళ్లింది. వెళ్తూ వేసిన ముడి ఉప్పునీళ్లకు బిగుసుకుపోయి అలాగే ఉంది.

బర్నబా గ్లాసు అందుకోలేదు. తోటివాళ్లు నవ్వారు. ఆవిడ ఊళ్లోనే లేదు కదా, ఎవరు చూడొచ్చారు, ముడి విప్పేసి తాగమన్నారు. సరంగు మాత్రం నవ్వలేదు. తాగకపోతే రేపటి నుంచి పడవ ఎక్కొద్దన్నాడు. బిడ్డ పుట్టబోయే వేళ కూటికే ఎసరు పెట్టే మాట అది.

బర్నబా ముడిని తడిమి చూసుకున్నాడు.

"విప్పితే ఆవిడకి తెలీదు సరంగు గారూ. కానీ విప్పాలంటే ముందు నేను ఆవిణ్ణి మర్చిపోవాలి."

అంతే. తువ్వాలు భుజాన వేసుకుని కదిలాడు. వాళ్ల నాన్న కాలం నాటి తెప్ప దుంగలు ఒడ్డున పడి ఉన్నాయి. వాటి దగ్గర కూర్చుని, రేపటి వేటకు తాళ్లు బిగించడం మొదలుపెట్టాడు.

ఒక్క ముడి మనిషిని ఎలా కట్టిపడేసిందో చూశారా అని జక్రయ్య అయ్యగారి మీదే విసుక్కున్నాడు.

అయ్యగారు బర్నబా వైపు చెయ్యి చూపించారు.

"ముడి తువ్వాలుకుందయ్యా," అన్నారు. "కాళ్లకు లేదుగా."