బొమ్మ చనిపోయిన రోజు

డాక్టర్ ప్రభుదాసుకు మూడు రోజులుగా అన్నం సహించడం లేదు.

అతను పనిచేసే వైద్య కళాశాలకు నార్వేలోని ఒక ఆసుపత్రి వాళ్ళు బొమ్మను పంపించారు. నిండు మనిషంత బొమ్మ. ఊపిరి తీస్తుంది, మూలుగుతుంది, బిడ్డను కంటుంది. కాన్పయ్యాక రక్తం పోతుంది. రక్తమంటే ఎర్రరంగు నీళ్ళు. సమయానికి సరైన వైద్యం అందితే బతుకుతుంది, అందకపోతే చనిపోతుంది. అలాంటి బొమ్మలే నార్వేలో ఒకటి, ఆఫ్రికాలో మలావీ దేశపు ఆసుపత్రిలో ఇంకొకటి ఉన్నాయి. నెలకోసారి మూడు దేశాల వాళ్ళూ తెర మీద ఒకరినొకరు చూసుకుంటూ ఒకే కేసును వంతులవారీగా చేసేవారు. చేశాక మాట్లాడుకునేవారు.

మొదటి మూడు నెలలూ మలావీలో బొమ్మ చనిపోయింది. నార్వేలోనూ ఒకసారి చనిపోయింది. ఇక్కడ మాత్రం ఒక్కసారీ చనిపోలేదు. ప్రిన్సిపాలు గారు పేపరువాళ్ళను పిలిచి ఆ సంగతి చెప్పారు. పేపర్లో ప్రభుదాసు ఫొటో పడింది.

నాలుగో నెల నార్వే నుంచి కబురు వచ్చింది. ఈసారి మూడు బొమ్మలనూ తామే అక్కణ్ణుంచి నడుపుతారట.

ముందురోజు సాయంత్రం ప్రభుదాసు వకుళాదేవి గారి గదికి వెళ్ళాడు. ఆవిడ కాన్పుల విభాగానికి పెద్ద. అతనికి ఆపరేషన్ కత్తి పట్టడం నేర్పింది ఆవిడే.

“మేడమ్, రేపటిది వాయిదా వేద్దాం. కరెంటు లేదని చెబుదాం.”

“కరెంటు ఉంటుందిగా?”

ప్రభుదాసు తల వంచుకున్నాడు. “ఇన్నాళ్ళూ మన బొమ్మను నడిపింది నేనే. రక్తం తొందరగా ఆగిపోయేట్టు కంప్యూటర్లో పెట్టాను. నిజంగా చేస్తే మన పిల్లల చేతుల్లో అది బతకదు మేడమ్. చూశాను. మూడు దేశాల ముందు పరువు పోతుంది.”

ఆవిడ కోప్పడతారేమోనని ఎదురుచూశాడు. కోప్పడలేదు.

“రేపు నేను నిలబడతాను,” అన్నారు.

ప్రభుదాసు మనసు కుదుటపడింది. వకుళాదేవి గారి చేయి పడితే తల్లి గట్టెక్కుతుందని చుట్టుపక్కల ఊళ్ళన్నిట్లో పేరు. ఆవిడకు బొమ్మ ఒక లెక్కా?

మర్నాడు మధ్యాహ్నం బొమ్మకు కాన్పయింది. రక్తం మొదలైంది. వకుళాదేవి గారు గర్భసంచిని నొక్కి పట్టారు. సూది మందు ఇప్పించారు. రెండు నిమిషాల్లో లోపల చిరుగు ఎక్కడుందో కనిపెట్టారు. తలెత్తకుండానే “రక్తం తెప్పించండి” అని కుట్లు మొదలుపెట్టారు. తెర మీద నార్వే డాక్టర్లు ముందుకు వంగి ఆ వేళ్ళను చూస్తున్నారు.

కుట్లు పూర్తయ్యాయి. ఒంట్లోంచి పోయిన రక్తానికి బదులు రక్తం రాలేదు. బీపీ పడిపోయింది. గోడ మీది గడియారంలో ఇంకో నాలుగు నిమిషాలు గడిచేసరికి మానిటర్ మీద గీత తిన్నగా సాగింది.

బొమ్మ చనిపోయింది. ప్రభుదాసు కెమెరా ఆపబోయాడు.

“ఉండనీ,” అన్నారు వకుళాదేవి గారు. తెర వైపు తిరిగి ఇంగ్లీషులో అడిగారు. “నేనెక్కడ తప్పాను?”

నార్వే వాళ్ళు కాగితాల్లోకి చూసుకున్నారు. అంత పెద్దావిడకు చెప్పడానికి మొహమాటం. మలావీ వైపు నుంచి తియామికే అనే నర్సు లేచి నిలబడింది. కాన్పులు చేసే మనిషి.

“మీ చేతుల్లో తప్పు లేదమ్మా. రక్తం అడిగారు. ఎవరిని అడిగారు?”

వకుళాదేవి గారు వెనక్కి తిరిగారు. మంచానికి అటొకరు ఇటొకరు ఇద్దరు నర్సులు నిలబడి ఉన్నారు.

“మరియమ్మకు చెప్పారనుకున్నాను మేడమ్,” అంది అనసూయ.

“నేను తనకేమో అనుకున్నా,” అంది మరియమ్మ.

“మా బొమ్మ మూడుసార్లూ అలాగే పోయింది,” అంది తియామికే. “ఇప్పుడు పేరు పెట్టి పిలుస్తున్నాం. పిలిచిన మనిషి ఆ మాట తిరిగి చెప్పేదాకా వదలడం లేదు.”

వకుళాదేవి గారు కొత్త గ్లౌజులు తొడుక్కున్నారు. “మళ్ళీ,” అన్నారు.

మళ్ళీ కాన్పు, మళ్ళీ రక్తం.

“అనసూయా, రెండు సంచుల రక్తం తెప్పించు.”

“రెండు సంచులు. తెప్పిస్తున్నా మేడమ్.”

ఈసారి బొమ్మ బతికింది.

నార్వే బృందంలో పెద్దాయన కలం తీశాడు. “డాక్టర్ ప్రభుదాస్, మీ వాళ్ళు మూడుసార్లూ బతికించారు కదా. మీ పద్ధతేమిటో చెబితే రాసుకుంటాం. మిగతా ఆసుపత్రులకూ పంపిస్తాం.”

ప్రభుదాసు వకుళాదేవి గారి వైపు చూశాడు. ఆవిడ బొమ్మ మీద దుప్పటి సర్దుతున్నారు. ఇటు చూడలేదు.

అతను తెర వైపు తిరిగాడు.

“పద్ధతేమీ లేదు సార్. మా వాళ్ళు బతికించలేదు. కంప్యూటర్లో మార్చి నేను బతికించాను.”

పెద్దాయన కలం కింద పెట్టాడు. కాసేపటికి మళ్ళీ తీసుకుని, ముందున్న కాగితంలో ఆ మూడు నెలల ఫలితాల మీదా గీతలు కొట్టాడు.

“వచ్చే నెల మొదటి వంతు మీది డాక్టర్,” అంది తియామికే. “మీరే నిలబడాలి.”

“నిలబడతాను,” అన్నాడు ప్రభుదాసు.

తెర ఆరిపోయింది. వకుళాదేవి గారు కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్నారు. ప్రభుదాసు తువ్వాలు పట్టుకుని పక్కన నిలబడ్డాడు.

“నాకు బుద్ధి చెప్పడానికే ఓడిపోయారు కదూ మేడమ్?”

“లేదు.”

ఆవిడ కుళాయి కట్టేశారు. తువ్వాలు అందుకోలేదు.

“రక్తం నేనెప్పుడూ అలాగే అడిగాను ప్రభుదాసూ. ముప్పై నాలుగేళ్ళు. ఎవరూ చెప్పలేదు.”