ఎర్రపోతు మరవిల్లుకు కొత్త మీట

అనగా అనగా, మన తాతల తాతలు కూడా పుట్టని రోజుల్లో నల్లగట్టు అని ఒక కోట ఉండేది. దాని కాపలా నాయకుడు ఎర్రపోతు. మనిషి మంచివాడే, గొప్పలే కాస్త ఎక్కువ.

అతని దగ్గర ఒక మరవిల్లు ఉండేది. అల్లెతాడును వెనక్కి లాగి కొక్కేనికి తగిలించి, కింద మీట నొక్కితే బాణం రివ్వున దూసుకుపోయేది. కానీ ఆ మీట మరీ మొండిది. నొక్కేసరికి ఎర్రపోతుకు చెమటలు పట్టేవి. అందుకని రేవు నుంచి వచ్చిన సూరిసెట్టి అనే వర్తకుడి దగ్గర నున్నటి ఇత్తడి మీట కొని, తానే బిగించుకున్నాడు. ఇప్పుడు చిటికెన వేలు తగిలితే చాలు. ఎర్రపోతు మురిసిపోయి ఊరంతా తిప్పి చూపించాడు.

దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు అందరూ ఆయుధాలకు బొట్టు పెడితే, ఎర్రపోతు తన కొత్త మీటకు గిన్నెడు గంధం పూశాడు.

"చాలయ్యా, అది ఆయుధమా, పెళ్లికొడుకా?" అని భార్య అక్కమ్మ నవ్వింది. అతను వింటేగా.

మర్నాడు రాజుగారి ఎదుట గుమ్మడికాయను కొట్టే పందెం. ఎర్రపోతు మీసం దువ్వి మీట నొక్కాడు. బాణం కదల్లేదు.

"తాడు లావుగా పేనారు ప్రభూ" అన్నాడు. తాళ్లు పేనే ముసలమ్మ గొణుక్కుంటూ సన్నతాడు తెచ్చి కట్టింది. మళ్లీ నొక్కాడు. బాణం కదల్లేదు.

"బాణం వంకర ప్రభూ" అన్నాడు. బాణాలు చెక్కేవాడు తిన్ననిది ఏరి ఇచ్చాడు. ఈసారీ అంతే. పిల్లలు పకపకా నవ్వారు. ఎర్రపోతుకు తల కొట్టేసినట్టయింది.

"ఈ సెట్టి నాకు పనికిమాలిన మీట అంటగట్టాడు ప్రభూ" అనేశాడు.

రాజుకు కోపం వచ్చింది. "నా కోటకే నాసిరకం సరుకు అమ్ముతాడా? బండీ ఎడ్లూ లాక్కుని పొలిమేర దాటించండి" అన్నాడు.

పందెం చూడ్డానికి బండి ఆపుకుని నిలబడ్డ సూరిసెట్టి ముందుకొచ్చి చేతులు జోడించాడు. "ఆ బండే నా బతుకు మహారాజా. ఒక్కసారి మీట విప్పి చూడమనండి. తప్పు నాదైతే నేనే నడిచి పోతాను."

రాజు సరేనన్నాడు. ఎర్రపోతు ఓ పక్కన కూర్చుని మీట విప్పి, గతుక్కుమన్నాడు. కొక్కెం జారే సందులో గంధం ఎండి రాయిలా బిగుసుకుపోయింది.

ఎవరూ చూడలేదు. గోటితో గీకేసి ఊరుకోవచ్చు. నిజం చెబితే నాయకుడి పదవి పోవచ్చు. అవతల సూరిసెట్టి తన ఎద్దు మెడ నిమురుతూ నిలబడి ఉన్నాడు. అది చూసి ఎర్రపోతుకు మనసొప్పలేదు.

"ప్రభూ, మీట మంచిదే" అని అందరికీ వినిపించేలా చెప్పాడు. "నేనే గంధం అతిగా పూసి దాన్ని చెడగొట్టాను. పైగా ముగ్గురి మీద నింద వేశాను. తప్పు నాది."

రాజు కాసేపు గంభీరంగా చూసి, ఆపుకోలేక నవ్వేశాడు. "పరువు పోతుందని తెలిసీ నిజం చెప్పావు. నా కోటకు అలాంటి కాపలావాడే కావాలి. అయితే శిక్ష తప్పదు. ఈ ముగ్గురికీ ఇవాళ మీ ఇంట్లోనే భోజనం, వడ్డన నీదే."

ఆ పూట అక్కమ్మ బూరెలు వండింది. ఎర్రపోతు కొంగు బిగించినట్టు కండువా నడుముకు చుట్టి, కొసరి కొసరి వడ్డించాడు. ముసలమ్మ మాత్రం "బూరెలు చల్లారాయి నాయకా" అని అతన్ని వంటింటికీ వాకిలికీ తిప్పుతూనే ఉంది. అందరూ కడుపారా తిని, కడుపారా నవ్వుకున్నారు.

పని చెడినప్పుడు ఎదుటివారిని అనేముందు మన చెయ్యి ఏం చేసిందో చూసుకోవాలి. తప్పు మనదైతే నలుగురిలో ఒప్పుకోవాలి.