దాలమ్మ తాళం

అనగనగా అని చెప్పేవాళ్ళింకా పుట్టని రోజుల్లో, సముద్రం ఒడ్డున ఓ ఊరుండేది. ఊరి చుట్టూ ఉప్పుమళ్ళు. ఆ మళ్ళలో గంపలు మోసి బతికే మనిషి దాలమ్మ. మొగుడు పోయాడు, బిడ్డల్లేరు. ఉన్నది ఒక్క తమ్ముడు, గవరయ్య. అక్కని అక్కడ అప్ప అంటారు. గవరయ్య "అప్పా" అని పిలిస్తే ఆ ఎండలో కూడా దాలమ్మకి దాహం తీరేది.

ఒకనాడు మడిలో ఉప్పు లాగుతూ లాగుతూ గవరయ్య ఆగిపోయాడు.

"అప్పా, ఎవులో పిలస్తన్నారు."

"ఎవుల్రా?"

"నీకినబడ్డం లేదా?"

దాలమ్మ చెవి ఒగ్గి విన్నది. సముద్రం హోరు తప్ప ఏమీ లేదు. తన చెవికే వినబడలేదేమో అనుకుంది.

అది మొదలు. గవరయ్య నిద్ర మానేశాడు. అన్నంలో విషం ఉందన్నాడు. గోడతో గొడవపడ్డాడు. నవ్వకూడని చోట నవ్వాడు, ఏడవాల్సిన పనిలేని చోట ఏడ్చాడు.

దాలమ్మ భూతవైద్యుడి దగ్గరికి పోయింది. "గాలి సోకిందే" అన్నాడతను. ఔనేమో, నాకేటి తెల్సు, అనుకుని తాయెత్తు కట్టింది.

అమ్మవారు ఒంటిమీదికొచ్చే గణాచారి ముసలమ్మ దగ్గరికి పోయింది. "తల్లి పూనిందే" అన్నదామె. ఔనేమో, నాకేటి తెల్సు, అనుకుని తమ్ముడి కాళ్ళకి పసుపు రాసి మొక్కింది.

ఊరిపెద్ద దగ్గరికి పోయింది. "మీ తాతముత్తాతలు చేసిన పాపం" అన్నాడాయన. ఔనేమో, నాకేటి తెల్సు, అనుకుని ఉపవాసాలుంది.

దెయ్యమైతే కొట్టాలి. దేవతైతే మొక్కాలి. పాపమైతే ఏడవాలి. పొద్దున ఒకలా, మాపటికి ఒకలా చేసి దాలమ్మ తికమకపడిపోయింది. తమ్ముడి ముఖంలోకి చూసి, ఇప్పుడు ఇక్కడున్నదెవరో తెలియక, పేరు పెట్టి పిలవడానికి కూడా జంకేది.

ఆ ఊరి దేవత గవ్వలమ్మ. మంగళవారం సాయంత్రం ఊరంతా గుళ్ళో చేరి, డప్పు కొట్టి, ఒకే గొంతుతో పాట పాడేవారు. తమ్ముణ్ణి ఒంటరిగా వదల్లేక దాలమ్మ వెంటబెట్టుకుపోయింది. సరిగ్గా హారతి వేళకి గవరయ్య లేచి కేకలు పెట్టాడు. పాట తెగిపోయింది.

"గుడి స్తంభానికి కట్టేయండి. తల్లే వదిలిస్తాది," అన్నాడు ఊరిపెద్ద. "ఏమే, కట్టమంటావా?"

అందరూ దాలమ్మ వైపు చూశారు. వద్దనడానికి ఆమెకేం తెలుసని?

"ఔనేమో బాబూ," అంది.

కట్టేశారు. మర్నాడు దాలమ్మ అంబలి ముంత పట్టుకెళ్ళింది. తాడు ఒరుసుకుని గవరయ్య మణికట్లు ఎర్రగా పుండ్లు పడ్డాయి. అంబలి తాగలేదు. ఆమెని తేరిపార చూసి, నెమ్మదిగా అడిగాడు:

"అప్పా, నువ్వు కూడా ఆళ్ళలో మనిసివేనా?"

ఆళ్ళంటే ఎవరో ఆమెకి అర్థం కాలేదు. చెవిలో పిలిచే ఆ గొంతులవాళ్ళో, తాడు కట్టినవాళ్ళో. కానీ ముంత కింద పెట్టి ముడి విప్పింది. ఊరిపెద్ద పరుగున వచ్చాడు.

"ఎవరు విప్పమన్నారే? తల్లి చెప్పిందా?"

"ఎవులూ సెప్పలేదు బాబూ. దెయ్యమో, దేవతో, పాపమో, నాకేటీ తెల్దు. ఆడు బయపడతన్నాడు. ఆ ఒక్కటీ తెల్సు."

ఊరిపెద్ద గవరయ్య మణికట్లు చూశాడు. వెనక్కి పోయాడు.

మళ్ళీ మంగళవారం వచ్చింది. దాలమ్మ తమ్ముడి చెయ్యి పట్టుకుని గుళ్ళో కూర్చుంది. పాట మొదలైంది. గవరయ్య మళ్ళీ కేక పెట్టాడు. జనం గొణిగారు. అప్పుడు దాలమ్మ డప్పు కొట్టే పోతన్న వైపు తిరిగింది.

"ఆగన్నా. ఆడి మాట అయిపోనీ."

పోతన్నకేం చేయాలో తెలీలేదు. అరచెయ్యి డప్పు మీద ఆనించి ఉండిపోయాడు. ఎటు చూడాలో తెలియక కొందరు నేల చూశారు, కొందరు తల్లి ముఖం చూశారు. గవరయ్య అరిచాడు, వణికాడు, అలిసిపోయి ఊరుకున్నాడు.

"ఇంక పాడండి," అంది దాలమ్మ.

ఎక్కడ ఆపారో ఎవరికీ గుర్తులేదు. గవరయ్యే ఓ ముక్క అందుకున్నాడు. అది ఆ పాటలోది కాదు, ఏ పాటలోదీ కాదు. పోతన్న ఒకసారి దాలమ్మని చూసి దానికే దరువు వేశాడు. ఊరు ఊరంతా అదే పాడింది.

ఆ రాత్రి గవరయ్య కాసింత అన్నం తిన్నాడు.

ఏటి అవతల ఓ వైద్యుడున్నాడనీ, ఇలాంటి జబ్బులకి మందిస్తాడనీ పోతన్న పెళ్ళాం చెప్పింది. ఇంటికొకరు చొప్పున వంతులేసుకుని పడవలో తోడు వెళ్ళారు. మందు తాగితే గవరయ్య నిద్రపోయాడు. కొన్నాళ్ళు ఉప్పు లాగాడు. కొన్నాళ్ళు మళ్ళీ గోడతో గొడవపడ్డాడు. గొంతులు పూర్తిగా పోలేదు. మందు పనిచేసిందా, పాట పనిచేసిందా అని ఎవరన్నా అడిగితే దాలమ్మ తల గోక్కునేది. రెండూ మానకుండా చేసేది.

కబురు పొరుగూళ్ళకి పాకింది. కాన్పయ్యాక మాటే మానేసిన పిల్ల ఒకతె వచ్చింది. కడిగిన చెయ్యే కడిగేవాడొకడు వచ్చాడు. ఊరికే కన్నీళ్ళు కార్చే ముసలాయన ఒకడు వచ్చాడు. వచ్చినవాళ్ళంతా దాలమ్మ కాళ్ళమీద పడి, "మంత్రం చెప్పు తల్లీ" అనేవారు.

"మంత్రమా? నాకేటీ తెల్దు. ఇలా నా పక్కన కూకోండి," అనేది ఆమె.

దాలమ్మ ముసలిదై చనిపోయింది. పాడె లేచేటప్పుడు గవరయ్య నవ్వాడు. ఎందుకు నవ్వాడో ఎవరూ అడగలేదు. ఊరిపెద్ద కొడుకే అతన్ని తన ఇంటికి తీసుకుపోయి అన్నం పెట్టాడు. ఆ పైన ఇంటికో పూట. గవరయ్య బతికున్నన్నాళ్ళూ ఊరు ఆ వంతు తప్పలేదు.

ఇప్పటికీ గవ్వలమ్మ గుళ్ళో పాట నడుమ ఎవరైనా కేక పెడితే, ఏడిస్తే, లేచి తిరిగితే, తల తిప్పి చూసేవాళ్ళుండరు. డప్పు ఆగుతుంది. ఆ మనిషి సర్దుకునేదాకా ఊరు ఊరంతా అలాగే కూర్చుంటుంది. ఆ ఊళ్ళో డప్పు నేర్చుకునే పిల్లలకి కొట్టడం కన్నా ముందు ఆపడం నేర్పుతారు. అరచెయ్యి చర్మం మీద మెత్తగా ఆనించి, "ఇది దాలమ్మ తాళం. ఎంతసేపైనా ఉంచు" అంటారు.