పల్లకీ ఎక్కిన మాటలు

గుర్రాలూ ఇంటర్నెట్టూ రెండూ ఉన్న ఒకానొక రాజ్యంలో, సుంకాల అధికారి గజపతిరాయుడు పల్లకీ దిగీ దిగగానే బట్టలకు రంగులద్దే నాంచారి మీద విరుచుకుపడ్డాడు.

"ఫోను తీగ తీయించేసి, ఇంట్లో ఉన్న ఇంటర్నెట్టులోనే పొరుగూళ్లో నెలలు నిండిన కూతురితో రోజూ మాట్లాడుతున్నావట! నిమిషానికో కాసు సుంకం కట్టు. లేదంటే ఇంటర్నెట్టు కూడా పీకించేస్తాను."

పల్లకీ మోసుకొచ్చిన బోయీల్లో ఒకడైన సింగన్న భయంతో పల్లకీ చాటుకు తప్పుకున్నాడు. నాంచారి మాత్రం చేతికంటిన నీలిరంగు తుడుచుకుంటూ అడిగింది.

"దొరా, పల్లకీకి కూలి ఎంత?"

"ఆమడకు రెండు కాసులు."

"సింగన్నను తిట్టుకుంటూ వచ్చారు, వీధి మొదటి నుంచీ వినబడింది. ఆ తిట్లు మోసినందుకు వేరే కూలి ఇచ్చారా?"

"పల్లకీకి ఇచ్చాక నోటిక్కూడా ఇవ్వాలా?"

"నేనూ ఇంటర్నెట్టుకు నెలనెలా కడుతున్నాను దొరా. నా మాటలూ అందులోనే ఎక్కి వెళ్తున్నాయి."

నాంచారి తెలివి చూసి సింగన్నకూ ధైర్యం వచ్చింది. చెయ్యి చాపాడు.

"మాటలకు వేరే లెక్కంటే, పదేళ్ల తిట్ల కూలి మాకూ ఇప్పించండి దొరా."

రాయుడు సుంకం ఊసెత్తకుండా పల్లకీ ఎక్కాడు. దారంతా పెదవి విప్పలేదు. పల్లకీ అంత తేలిగ్గా ఉండటం సింగన్న ఎన్నడూ ఎరగడు.