వీపుబుట్టలో వచ్చిన రోష్‌మేర్ దేవమాత

ఫ్రాన్సు దేశపు తూర్పు సరిహద్దున, ఆల్ప్స్ పర్వతాల నడుమ, సముద్రమట్టానికి ఐదు వేల అడుగుల పైన రోష్‌మేర్ అనే చిన్న ఊరు ఉన్నది. గడపలు ముప్పైఒకటి. చలికాలంలో పొగ లేచే ఇళ్ళు పన్నెండే. దిగువ లోయలోని సెర్‌వాల్ పట్టణం నుండి రోజుకు రెండుసార్లు బస్సు వస్తుంది. మంచు బాగా పడితే అదీ రాదు. ఊరి తల దగ్గర నల్లని పెద్ద బండ, దాని పక్కన రాతి గుడి ఉన్నాయి. ఏ గుడికైనా ద్వారం దారివైపు ఉంటుంది. ఈ గుడి మాత్రం దారికి వీపు తిప్పి, కొండకు ఎదురుగా నిలిచి ఉంటుంది. వచ్చిన యాత్రికులు గోడ వెంట చుట్టు తిరిగి లోపలికి వెళ్ళవలసిందే.

పూర్వం ఇక్కడి ఊరిని ఓత్‌కోంబ్ అనేవారు. ఎగువ పల్లం అని ఆ మాటకు అర్థం. నేల ఎంత ఏటవాలంటే, ప్రతి వసంతంలోనూ కరిగిన మంచుతోపాటు పొలాల మట్టి కిందికి జారిపోయేది. ఊరి ఆడవాళ్ళు ఆ మట్టిని వీపుబుట్టల్లోకి ఎత్తుకొని మళ్ళీ పైగట్టుకు మోసేవారు. అలా మోస్తేనే పంట, పంట ఉంటేనే రొట్టె.

ఆ కష్టాన్ని వారు కష్టమనుకోలేదు. వారిని కుంగదీసినది మరొకటి. ఊరిలో గుడి లేదు, దీవించిన శ్మశానం లేదు. చనిపోయినవారిని సెర్‌వాల్ మఠం ఆవరణలోనే పూడ్చాలన్నది మఠం కట్టడి. చలికాలంలో దారి మూసుకుపోయేది. అందుచేత శవాన్ని దుప్పటిలో చుట్టి, ఇంటి కప్పుమీద మంచులో ఉంచి, దారి తెరుచుకునేదాకా ఎదురుచూసేవారు.

పెర్నెత్ అనే ఆమె భర్త పుష్యమాసపు చలిలో దగ్గుతో పోయాడు. డెబ్భైరెండు రోజులు అతడు కప్పుమీద ఉన్నాడు. ఆమె కింద వంట చేసుకున్నది, మేకలకు మేత వేసుకున్నది, పైకి చూడకుండా గడప దాటడం నేర్చుకున్నది. చైత్రంలో అతణ్ణి బల్లమీద కట్టి సెర్‌వాల్‌కు దించారు. తిరిగి వచ్చిన మర్నాడే ఆమె మట్టి మోయడానికి పొలానికి వెళ్ళింది.

ఆ రోజున నల్లబండ కింద తవ్వుతుండగా ఆమె పలుగు చెక్కకు తగిలింది. మట్టి తుడిచి చూస్తే ఒడిలో బిడ్డను పెట్టుకొని కూర్చున్న దేవమాత స్వరూపం. ఎవరు చెక్కారో, ఏ కాలపు మంచు అక్కడికి తోసుకొచ్చిందో ఎవరికీ తెలియదు. ముక్కు కొంత అరిగి ఉంది. పెర్నెత్ ఆ ముఖాన్ని తన కొంగుతో తుడిచి, "నిన్నూ మంచులోనే వదిలేశారా తల్లీ?" అన్నదట.

ఊరంతా సంబరపడింది. తల్లి వెలసింది గనుక గుడి కట్టుకోవచ్చు, గుడి ఉంటే శ్మశానం అడగవచ్చు. ఈ కబురు మఠాధిపతి ఎమార్ చెవిన పడింది. ఆయన కంచరగాడిదతో, ఆరుగురు సన్యాసులతో పైకి వచ్చి, స్వరూపాన్ని కళ్ళకద్దుకొని, "ఇంతటి తల్లి మేకల నడుమ ఉండరాదు" అని సెర్‌వాల్‌కు తరలించాడు. పెర్నెత్ అడ్డుపడితే ఆయన నవ్వి, "మీ దగ్గరే ఉండాలని ఆమెకు ఉంటే ఆమే తిరిగి వస్తుంది. వస్తే మీకు గుడీ ఇస్తాను, శ్మశానమూ ఇస్తాను. ఇది నా మాట" అన్నాడు.

ఊరివారు ఆ మాట నమ్మారు. రోజూ ఉదయాన్నే బండ దగ్గరికి వెళ్ళి చూసేవారు. ఎండాకాలం గడిచింది. కోతలు మొదలయ్యాయి. తల్లి రాలేదు. "ఆమెకు మనమీద ఇష్టం లేదు, ఏం చేస్తాం" అన్నాడు ఊరిపెద్ద ఎతియెన్. ఆయనకు డెబ్భై దాటాయి. రాబోయే చలికాలంలో తన కప్పు సంగతే ఆయన ఆలోచిస్తున్నాడని అందరికీ తెలుసు.

ఒక మధ్యాహ్నం పెర్నెత్ గడ్డిమోపుకు ఆనుకొని కునుకు తీసింది. కలలో దేవమాత కనబడింది. ముఖం కోపంగా ఉంది.

"నావి చెక్కకాళ్ళు పెర్నెత్. నీకేమయింది?"

ఆమె లేచి, బుట్టలోని మట్టి దులిపి, వీపుకు తగిలించుకొని బయలుదేరింది. పొలాల్లో ఉన్న ఆడవాళ్ళు ఎక్కడికని అడిగారు. చెప్పింది. మరో ఆరుగురు కొడవళ్ళు గట్టున పెట్టి ఆమె వెంట నడిచారు.

మరునాడు ఆదివారం. పట్టపగలు, దివ్యబలిపూజ ముగిసి జనం ఇంకా బయటికి వస్తుండగా ఏడుగురూ సెర్‌వాల్ మఠం గుడిలోకి వెళ్ళారు. పెర్నెత్ తిన్నగా పీఠం దగ్గరికి నడిచి, స్వరూపాన్ని ఎత్తి బుట్టలో కూర్చోబెట్టింది. సన్యాసులు పరుగున వెళ్ళి తలుపుకు అడ్డగడియ వేశారు.

"దొంగతనం!" అన్నాడు మఠాధిపతి.

"దొంగలమైతే అందరూ చూస్తుండగా వస్తామా స్వామీ? ఆమే తిరిగి రావాలన్నారు. వస్తోంది. కాళ్ళు మావి, అంతే."

"బుట్ట దించు."

"దించను."

ఆమె నిజంగానే దించలేదు. భుజాలు నొప్పెడితే మరొకామె తగిలించుకునేది. అలా మార్చుకుంటూ, ఒక్కసారైనా నేలకు తాకనివ్వకుండా, మధ్యాహ్నమంతా నిలబడ్డారు. చివరికి మఠాధిపతే దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, "ఈ చెక్కబొమ్మ కోసం ఇంత పంతమా?" అని అడిగాడు.

"మా ఆయన్ని డెబ్భైరెండు రోజులు కప్పుమీద ఉంచాను స్వామీ. మీ వాళ్ళను ఎవరినైనా అలా ఉంచారా?"

ఎమార్ తానే వెళ్ళి అడ్డగడియ తీశాడు. పక్కకు తొలగాడు గాని దీవించలేదు. ఏడుగురూ తల వంచకుండా ఆయన ముందునుంచే నడిచి వెళ్ళారు.

మంచు పడేలోగా ఊరంతా కలిసి బండ పక్కన గోడలు లేపింది. ద్వారం ఎటు పెట్టాలని తాపీవాడు అడిగితే, పెర్నెత్ కొండవైపు చూపించి, "కిందివాళ్ళ వంక మనం చూసింది చాలు" అన్నది. గుడి నీడన కొంత నేల చదును చేసి కంచె వేశారు. మాఘంలో ఎతియెన్ పోయాడు. దీవించేవారు లేరని ఎవరూ ఆగలేదు. మంచు తవ్వి, దాని కింద గడ్డకట్టిన నేలను నిప్పుతో మెత్తపరచి, మరునాటికల్లా ఆయనను భూమిలో ఉంచారు. మఠం నుండి అనుమతి పత్రం రెండేళ్ళకు వచ్చింది. అప్పటికే ఆ నేలలో నలుగురు నిద్రిస్తున్నారు. నాటినుండి ఊరి పేరు రోష్‌మేర్, అంటే తల్లిబండ అయింది.

దేవమాత తనంత తానే గాలిలో తేలి వచ్చిందని సెర్‌వాల్‌లో కొందరు చెబుతారు. రోష్‌మేర్‌వారు ఆ మాట ఒప్పుకోరు. గత శతాబ్దంలో మంచుచరియల భయం ఉన్నదని, ఊరు ఖాళీ చేయమని ప్రభుత్వం నుంచి ఉత్తరం వచ్చినప్పుడూ ఒప్పుకోలేదు. ఒక్క ఇల్లు కదలలేదు.

ఆప్తులను సరిగా సాగనంపలేకపోయామని కుమిలేవారు ఈ తల్లిని దర్శిస్తే మనసు నెమ్మదిస్తుందని ప్రతీతి. ఏటా కోతలయ్యాక మొదటి ఆదివారం ఏడుగురు స్త్రీలు స్వరూపాన్ని బుట్టలో మోసుకొని సెర్‌వాల్‌కు దిగుతారు. గుడి వాకిట నిలిచి, "మాది ఇక్కడ ఏదైనా మిగిలి ఉందా?" అని బిగ్గరగా అడుగుతారు. అక్కడి గురువు రెండు తలుపులూ బార్లా తెరిచి, "ఏమీ లేదమ్మా, చూసుకోండి" అని బదులివ్వాలి. వారు లోపలికి వెళ్ళి, నిజంగానే మూలమూలనా చూసి, అప్పుడే వెనుదిరుగుతారు.