వాగు దాటిన చిటికెన వేలు

మురహరికి మౌనం కావాలి. కంప్యూటర్ అతన్ని మౌనంగా ఉండనివ్వడం లేదు.

పల్నాడు దాటి నల్లమల కొండలు మొదలయ్యే చోట, ఒక వాగు ఒడ్డున అంకాళయ్యగారి ఆశ్రమం ఉండేది. ఆశ్రమం అనగానే గోపురాలూ పూలతోటలూ ఊహించుకోనక్కర్లేదు. నాలుగు రేకుల గదులు, ఒక వంటిల్లు, ఒక చేతిపంపు. ఆ పంపు కూడా అడగ్గానే నీళ్ళిచ్చే రకం కాదు. ముందు దాని నెత్తిన చెంబెడు నీళ్ళు పోయాలి, తర్వాత పిడిని కాస్త ఎడమకి లాగి పట్టి కొట్టాలి. అక్కడివాళ్ళకి అది అలవాటైపోయి, పంపు బాగానే ఉందనుకునేవాళ్ళు. కొత్తగా వచ్చినవాళ్ళే చేతులు నొప్పెట్టేలా కొట్టి కొట్టి, దాహంతో కూర్చునేవాళ్ళు. సరే, పంపు సంగతి అలా ఉంచుదాం.

వాగు అవతల ఒక గుడిసె. అందులో ఉన్నవాళ్ళు మాట్లాడరు. వాళ్ళతోనూ ఎవరూ మాట్లాడరు. పొద్దున్నే గుమ్మంలో అన్నం గిన్నె పెట్టి వస్తారు, అంతే. ఒక నెల. దానికి అంకాళయ్యగారు పెట్టిన షరతు ఒకటే. ఇవతలి ఒడ్డున నీతో ఎవరికీ పని పడకూడదు. పనిపడి కబురొస్తే లేచి రావాలి. వచ్చావా, ఆ మౌనం అక్కడితో సరి. మళ్ళీ మొదటినుంచీ మొదలు.

మురహరి హైదరాబాదులో ప్రోగ్రాములు రాసే ఉద్యోగం చేసి, ముప్ఫయ్యో ఏట అది మానేసి ఇక్కడికి వచ్చాడు. వచ్చిన మొదటి నెలలోనే అతనికి ఒక పని దొరికింది. చుట్టుపక్కల ఊళ్ళలో తత్వాలు పాడే ముసలివాళ్ళు ఇంకా కొంతమంది మిగిలి ఉన్నారు. ప్రతి అమావాస్యకీ వాళ్ళు ఆశ్రమానికి వచ్చి పాడతారు. ఎవరో భక్తుడు పాత కంప్యూటర్లు రెండు పంపిస్తే, ఒకదాన్ని మురహరి బాగుచేశాడు. పాట రికార్డు చేసుకుని, గాలి చప్పుడు తీసేసి, పాడినవాళ్ళ పేరుతో దాచిపెట్టే ప్రోగ్రాము ఒకటి సొంతంగా రాశాడు. రెండో కంప్యూటర్ గోనెపట్టాలో చుట్టి అటక మీద పెట్టారు.

ఆ గదికి మనుషులు వచ్చి, పోయిన తమ తాతగారి పాట అడిగి వినేవాళ్ళు. కొందరు కళ్ళు తుడుచుకునేవాళ్ళు. మురహరి తెర వైపే చూస్తూ ఉండేవాడు, తనకేమీ పట్టనట్టు.

ఆ ఎండాకాలం అతను గుడిసెకి వెళ్ళాడు. తను లేనప్పుడు కంప్యూటర్ చూసుకోమని భ్రమరాంబగారికి అప్పగించాడు. ఆవిడ మాచర్లలో స్కూలు టీచరుగా చేసి రిటైరయ్యారు. నేర్పితే ఏదైనా నేర్చుకుంటారు, నేర్పకపోతే మొహమ్మీదే అడుగుతారు.

రెండు రోజులు గడిచాయో లేదో కబురొచ్చింది. తెర మొత్తం నల్లగా అయిపోయి, ప్రోగ్రాము తెరుచుకోవడం లేదట. మురహరి వచ్చాడు, కుర్చీలో కూర్చున్నాడు. తెరుచుకుంది.

"ఏం చేశావు?" అన్నారు భ్రమరాంబగారు.

"ఏం చెయ్యలేదు టీచరుగారూ. నడుస్తోందిగా."

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని తెరకేసి చూశారు, అతనికేసి చూశారు.

కొన్నాళ్ళకి మళ్ళీ వెళ్ళాడు. మళ్ళీ నల్లతెర, మళ్ళీ కబురు. మళ్ళీ అతను కూర్చోగానే తెరుచుకుంది. ఈసారి తిరిగి గదికి వెళ్తుంటే అంకాళయ్యగారు ఎదురయ్యారు. ఆయన అతని కాళ్ళ వైపు చూశారు. కబురు వినగానే పరిగెత్తుకొచ్చిన మురహరి, చెప్పులు వాగు అవతలే మర్చిపోయాడు.

"అయ్యగారూ, తప్పు ఆ ఆపరేటింగ్ సిస్టంది," అన్నాడు మురహరి. "పాతబడిపోయింది. మొత్తం తుడిచేసి కొత్తది వేస్తాను. ఇక ఎవరు కూర్చున్నా నడుస్తుంది. వాగు నిండేలోపు నా నెల పూర్తిచేసుకుంటాను."

"కానివ్వు," అన్నారు అంకాళయ్యగారు.

వాగు నిండితే గుడిసెకి దారి ఉండదు. మళ్ళీ కార్తీకం దాటాలి. మురహరి బెంగ అదీ.

తుడిచేశాడు. కొత్తది వేసి, పెన్ డ్రైవ్‌లో దాచిన ప్రోగ్రామూ పాటలూ మళ్ళీ ఎక్కించాడు. భ్రమరాంబగారికి విడిగా ఆవిడ పేరుతో, ఆవిడ పాస్‌వర్డుతో లోపలికి వెళ్ళే ఏర్పాటు కూడా చేశాడు. తను కూర్చుని ఒకసారి నడిపి చూపించాడు. చక్కగా నడిచింది. వాగు దాటాడు.

ఈసారి కబురు ఆవిడే స్వయంగా తెచ్చారు. మోకాళ్ళ లోతు నీళ్ళలో చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని వచ్చి, గుడిసె ముందు నిలబడ్డారు.

"నాయనా మురహరీ, ఇంకా తెరవకముందే మొదటి పేజీలో తెలుగు అక్షరాలన్నీ పోయి చిన్న చిన్న డబ్బాలు వచ్చాయి. పాటలు ఎక్కడున్నాయో దానికి తెలియదట. రేపు అమావాస్య."

అతను వచ్చి, తన పేరుతో లోపలికి వెళ్ళాడు. అక్షరాలు అక్షరాల్లానే ఉన్నాయి. పాటలు వాటి చోట అవి ఉన్నాయి.

"నాకు నడుస్తోంది కదండీ," అన్నాడు, కాస్త విసుగ్గా.

"నీకు నడుస్తుందయ్యా. నువ్వు వాగు అవతల ఉన్నప్పుడు ఎలా నడుస్తుందో అది చూపించు."

మురహరికి కోపం వచ్చింది. యంత్రం మీదా, ఆవిడ మీదా, కొండల మీద కమ్ముకొస్తున్న మబ్బు మీదా. తిన్నగా అంకాళయ్యగారి దగ్గరికి వెళ్ళాడు. ఆయన చిక్కుడుకాయలు వలుస్తున్నారు.

"అయ్యగారూ, ఎంత చేసినా ఇంతే. నేను లేకపోతే అది నడవదు. ఇక నాకు గుడిసె ప్రాప్తం లేదు."

అంకాళయ్యగారు చేతిలో ఉన్న కాయ వలవడం పూర్తిచేశారు.

"వంటింటి అప్పగింత ఎప్పుడైనా చూశావా?" అన్నారు.

చూశాడు. ఆశ్రమంలో నెలకొకరు వంట చేస్తారు. నెల మారే రోజున పాత మనిషి గరిటె కొత్త మనిషి చేతికిచ్చి గడప దాటుతారు. దాటాక మళ్ళీ లోపలికి అడుగు పెట్టకూడదు, చేత్తో చూపించకూడదు. ఏం చెయ్యాలో నోటితోనే చెప్పాలి. కొత్త మనిషి చెప్పింది మాత్రమే చెయ్యాలి, తనకి తెలిసింది ఒక్కటీ కలపకూడదు. అలా ఏది తయారైతే అందరూ అదే తినాలి. అంకాళయ్యగారి గురువుగారు పెట్టిన పద్ధతి అది. ఎందుకు పెట్టారో ఆయన చెప్పలేదు, వీళ్ళూ అడగలేదు.

భ్రమరాంబగారు అప్పగించిన రోజు అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. చారు ఎలా కాయాలో ఆవిడ గడప బయట నిలబడి పాఠం చెప్పినట్టు చెప్పారు. చింతపండు ఎంతసేపు నానాలి, మిరియాలు ఎంత బరకగా దంచాలి, ఇంగువ నేతిలో వెయ్యాలా నూనెలో వెయ్యాలా, దాని మీద పక్క జిల్లావాళ్ళకి ఉన్న అపోహలేమిటి, అన్నీ చెప్పారు. ఉప్పు చెప్పలేదు. కొత్త మనిషి జీవితమంతా వంట చేసిన మనిషే అయినా ఉప్పు వెయ్యలేదు. అందరూ తలలు వంచుకుని తిన్నారు. అంకాళయ్యగారు మారు వడ్డించమని అడిగారు.

ఇప్పుడాయన ఒళ్ళో తొక్కలు దులుపుకుని లేచారు.

"ఆ అటక మీదున్న రెండోది దింపు. దాన్ని ఎవరూ ముట్టలేదు కదా?"

దింపారు. తుడిచి బల్ల మీద పెట్టారు. లోపల కంపెనీవాళ్ళు వేసి పంపిన ఆపరేటింగ్ సిస్టం తప్ప ఇంకేమీ లేదు. అంకాళయ్యగారు దాని ముందు కూర్చున్నారు. డెబ్బై దాటిన మనిషి, అంతవరకు ఏ కంప్యూటర్నీ తాకి ఎరగరు. భ్రమరాంబగారు ఆయన పక్కన స్టూలు వేసుకున్నారు.

"నువ్వు గడప అవతల నిలబడు," అన్నారు అంకాళయ్యగారు.

మురహరి నవ్వబోయి, ఆయన నవ్వడం లేదని చూసి, వెళ్ళి గడప అవతల నిలబడ్డాడు. తన ప్రోగ్రామూ పాటలూ ఉన్న పెన్ డ్రైవ్ భ్రమరాంబగారికి అందించాడు.

"ముందు మౌస్ పట్టుకోండి అయ్యగారూ."

ఆయన పట్టుకున్నారు. పావురాన్ని పట్టుకున్నట్టు రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నారు.

"అలా కాదు, బల్ల మీద పెట్టండి."

పెట్టారు. పెట్టి, చేతులు ఒళ్ళోకి తీసుకున్నారు.

భ్రమరాంబగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మురహరి అడుగు ముందుకు వేశాడు.

"గడప," అన్నారావిడ.

అతను కాలు వెనక్కి తీసుకున్నాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. ఇంతకుముందు ఎప్పుడూ మాటల్లో పెట్టని వాటిని మాటల్లో పెట్టవలసి వచ్చింది. ఏది ఎక్కడుందో, ఎంత నొక్కాలో, ఎప్పుడు ఆగాలో. అంకాళయ్యగారు తొందరపడలేదు. చెప్పింది చేశారు. చెప్పనిది చెయ్యలేదు. చాలాసేపటికి ప్రోగ్రాము లోపలికి చేరింది, పాటలు చేరాయి.

ప్రోగ్రాము తెరుచుకునే ముందు వచ్చే మొదటి పేజీలో డబ్బాలు వచ్చాయి.

"అక్షరాలు లేవు," అన్నారు అంకాళయ్యగారు.

"దానికి తెలుగు ఫాంటు వెయ్యాలి అయ్యగారూ."

"చెప్పావా?"

"నా దాంట్లో... నా పేరు మీద అలవాటుగా వేసేసుకున్నాను."

"ఇదొక ఉప్పు," అన్నారు భ్రమరాంబగారు, తనలో తను అనుకున్నట్టు.

ఫాంటు ఎలా వెయ్యాలో చెప్పాడు. అక్షరాలు వచ్చాయి. పాటలు కనబడలేదు. అవి ఏ ఫోల్డరులో ఉన్నాయో ప్రోగ్రాముకి ముందే చెప్పి ఉంచాలి. అదీ తన పేరు మీదే చెప్పుకుని, చెప్పుకున్నానన్న సంగతి మర్చిపోయాడు. ఇప్పుడు చెప్పాడు. ఆయన ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే వెతుక్కుని, ఒక్క వేలితో కొట్టారు.

"ఇక తెరవండి అయ్యగారూ. ఇక అడ్డేమీ లేదు."

తెరిచారు. తెర నల్లగా అయింది. అలాగే ఉండిపోయింది.

మురహరి గడప దగ్గరే నిలబడి ఆలోచించాడు. అక్షరాలు, పాటలు, ఫోల్డరు. మొదటినుంచీ చివరిదాకా మనసులో నడిచి వచ్చాడు. ఏమీ మిగల్లేదు. బయట కొండల మీద ఉరుము వినబడింది.

"అన్నీ చెప్పాను అయ్యగారూ. నాకు తెలిసినవన్నీ చెప్పేశాను."

"తెలిసినవి చెప్పావు," అన్నారు అంకాళయ్యగారు. కుర్చీ అతని వైపు తిప్పుకున్నారు. "ఇప్పుడు నోరు మూసుకో. కళ్ళు కూడా మూసుకో. అక్కడే నిలబడి, నీ యంత్రం ముందు కూర్చున్నట్టే అనుకుని, చేతులతో నడుపు."

అతనికి సిగ్గేసింది. అయినా కళ్ళు మూసుకున్నాడు. గాలిలో చేతులు పెట్టాడు. లేని మౌస్ జరిపాడు, నొక్కాడు, నొక్కాడు, ఆగాడు.

"ఆగు," అన్నారు భ్రమరాంబగారు. "ఆ ఎడమచేతి చిటికెన వేలు ఇప్పుడు ఏం చేసింది?"

మురహరి కళ్ళు తెరిచాడు. వేలు ఇంకా గాలిలో ఉంది, పైకి, ఎడమకి చాచుకుని. కీబోర్డు మీదైతే అక్కడ ఎస్కేప్ మీట ఉంటుంది.

అతను దాన్ని ఎవరి వేలో అన్నట్టు చూశాడు.

మెల్లగా గుర్తొచ్చింది. ప్రోగ్రాము రాసిన కొత్తలో పాత మైకు ఒకటి ఉండేది. తెరుచుకునే ముందు ప్రోగ్రాము ఆ మైకు కోసం చూడాలని రాశాడు. తర్వాత ఆ మైకు పాడైపోతే పారేసి, వేరేది పెట్టాడు. ప్రోగ్రాము మాత్రం రాని ఆ పాత మైకు కోసం నల్లతెరతో అలాగే ఎదురుచూస్తుంది. ఎస్కేప్ నొక్కితే ఊరుకుని ముందుకి పోతుంది. ప్రోగ్రాములో ఆ మైకు కోసం చూడమనే ఒక్క వాక్యం తీసేద్దామనుకున్నాడు. తనకి ఇబ్బంది లేదు కదా అని ఊరుకున్నాడు. తర్వాత వేలు తన పని తను చేసుకుపోయింది.

"ఎడమ చివర, పై వరసలో మొదటి మీట నొక్కండి," అన్నాడు.

అంకాళయ్యగారు నొక్కారు. తెర వెలిగింది. రెండేళ్ళ క్రితం పోయిన సాలమ్మ గొంతు గదిలో తత్వం ఎత్తుకుంది, మధ్యలో ఆవిడ దగ్గుతో సహా. ముగ్గురూ పాట చివరిదాకా విన్నారు.

మురహరి ఆ సాయంత్రం రెండు కంప్యూటర్లలోనూ ఆ వాక్యం తీసేశాడు. ఫాంటూ ఫోల్డరూ ఎవరి పేరుతో లోపలికి వెళ్ళినా దొరికేలా మార్చాడు. తర్వాత మళ్ళీ గడప అవతలికి వెళ్ళి నిలబడి, భ్రమరాంబగారిని కూర్చోమన్నాడు. ఆవిడ నడిపారు. అతను నోరు విప్పవలసిన పని పడలేదు.

మర్నాడు అమావాస్య పాటలు ఆవిడే రికార్డు చేశారు. మురహరి వెనక చాప మీద కూర్చుని విన్నాడు. వాగులో నీళ్ళు మోకాళ్ళు దాటాయి గానీ ఇంకా దారి ఉంది.

పొద్దున్నే గుడ్డలు మూట కట్టుకుని అంకాళయ్యగారికి దణ్ణం పెట్టాడు. ఆయన వాగు దాకా వచ్చారు. మామూలుగా రారు.

"వెళ్ళిరానా అయ్యగారూ?"

"వెళ్ళు. ఆ వేలు ఇక్కడ వదిలిపెట్టి వెళ్ళు."

మురహరి వాగు దాటాడు.

రోజులు గడిచాయి. కబురు రాలేదు. వర్షం మొదలైంది, వాగు అంచుల దాకా నిండింది. వాగు పొంగే రోజులకని ముందే తెచ్చిపెట్టిన అటుకులే ఇక తిండి; వద్దామన్నా ఎవరూ రాలేరు. అయినా ఒక మధ్యాహ్నం అతను గుమ్మంలో కూర్చుని, రాని కబురు కోసం అవతలి ఒడ్డుకేసి చూస్తున్నాడు. చూస్తున్నానని అతనికి తెలియదు. మోకాలి మీద ఏదో కదిలినట్టయి కిందికి చూశాడు. ఎడమచేతి చిటికెన వేలు, పైకి చాచుకుని, మెల్లగా నొక్కుతోంది.

చాలాసేపు దాన్ని చూశాడు.

తర్వాత లేచి లోపలికి వెళ్ళి, వాగుకి వీపు పెట్టి, గోడవైపు తిరిగి కూర్చున్నాడు.