తవుడిచ్చి కొన్న కొడుకు

ధాన్యం ఆడే మరలు లేని కాలం. ఊరందరి బియ్యమూ రోకళ్ల కిందే తెల్లబడే కాలం. అప్పుడొక కొండవాలు ఊళ్లో గవరమ్మ అని ఒక ఇల్లాలు ఉండేదట.

గవరమ్మకి ముగ్గురు మగపిల్లలు పుట్టారు. ముగ్గురూ నిలవలేదు. మొదటివాడు బోర్లా పడకుండా పోయాడు. రెండోవాడు పళ్లు రాకుండా పోయాడు. మూడోవాడు అమ్మా అనకుండా పోయాడు.

ముగ్గురూ ఒకే తీరున పోయారు. మిట్టమధ్యాహ్నం వేళ యముడి బంటు వచ్చి గుమ్మంలో నిలబడేవాడు. "ఎవరి బిడ్డ?" అని అడిగేవాడు. తల్లి కదా, బిడ్డని గుండెకి అదుముకుని "నా బిడ్డ" అనేది. అంతే. ఆమె చేతులు ఖాళీ అయ్యేవి.

నాలుగోవాడు పుట్టాడు. గవరమ్మ వాడి మొహం చూడనంది. చూస్తే నాదనిపిస్తుందని భయం.

ఆ ఊళ్లో ఇంటింటికీ బియ్యం దంచే అసిరి అని ఒక ఆవిడ ఉండేది. మొగుడు లేడు, పిల్లలు లేరు. దంచినందుకు కూలిగా తవుడు ఇచ్చేవారు. ఆ పూట కూలి చేటలోనే పట్టుకుని తిన్నగా గవరమ్మ ఇంటికి వచ్చింది.

"అప్పా, నాదన్న బిడ్డనే వాడు పట్టుకుపోతన్నాడు. వీణ్ణి నాకు అమ్మెయ్యి. చేటెడు తవుడిస్తాను."

"అమ్మేస్తే నాకేం మిగుల్తాదే?"

"పాలు నువ్వే ఇయ్యి. నీళ్లు నువ్వే పొయ్యి. నీ పక్కలోనే ఏసుకో. నా కొడుకు అని మాత్రం అనకు. ఎప్పుడూ అనకు."

గవరమ్మ చేట అందుకుంది. తవుడు గేదెకి పెట్టింది. ఖాళీ చేటలో పిల్లాణ్ణి పడుకోబెట్టి అసిరి చేతికిచ్చింది. తవుడికి వచ్చాడు కాబట్టి తవిటయ్య అన్నారు.

యముడి బంటు రానే వచ్చాడు. "ఎవరి బిడ్డ?" అన్నాడు. గవరమ్మ వాకిట్లో దంచుతున్న అసిరి రోకలి ఆపకుండానే, ఎవరి బిడ్డా కాదు బాబూ, తవుడిచ్చి కొన్న సరుకు అంది. వాడు తల గోక్కుని వెళ్లిపోయాడు. పళ్లు వచ్చినప్పుడు మళ్లీ వచ్చాడు. నడక వచ్చినప్పుడు మళ్లీ వచ్చాడు. అదే మాట అడిగాడు, అదే మాట విన్నాడు, అలాగే వెళ్లిపోయాడు.

తవిటయ్య అసిరిని అమ్మా అనేవాడు. గవరమ్మని పెద్దమ్మా అనేవాడు. ఇరుగుపొరుగు ఏడిపించేవారు, మా ఇంట్లో ఇంకో గుప్పెడు తవుడుంటే నిన్ను మేమే కొందుమురా అని. వాడు నవ్వి, గుప్పెడికి రాను, నేను చేటెడు ఖరీదు అనేవాడు. గవరమ్మ కూడా నవ్వేది. నవ్వి లోపలికి వెళ్లిపోయేది.

అసిరికి రెక్కలు సన్నగిల్లాక రోకలి వాడు అందుకున్నాడు. రోకలి పట్టిన మగాడని ఊరంతా నవ్వింది. వాడు పట్టించుకోలేదు. వాడికి మీసం వచ్చినప్పుడు గవరమ్మ అడిగింది, ఇప్పుడు ఆ మాట అనొచ్చా అని. అసిరి, పెళ్లి కానియ్యి అప్పా అంది. పెళ్లి కాకముందే అసిరి కన్నుమూసింది. ఇక ఎవరిని అడగాలో గవరమ్మకి తెలియలేదు. అనకుండానే అన్నం పెట్టింది. అనకుండానే తలంటింది.

ఒక ఏడు వానలు కురిసి కురిసి ఊరు కుళ్లిపోయింది. పిల్లలకి జ్వరాలు పట్టుకున్నాయి. యముడి బంటు గడప గడపకీ తిరిగాడు. "ఎవరి బిడ్డ?" అని అడిగాడు. ప్రతి తల్లీ నా బిడ్డే అంది.

తవిటయ్య చేటలో తవుడు పోసుకుని బయల్దేరాడు. మొదటి ఇంటికి వెళ్లి, పిన్నీ, నీ పిల్లాణ్ణి నాకు అమ్మమన్నాడు. నీకేమన్నా మతి పోయిందా అని ఆవిడ తలుపేసుకుంది. ఆ మధ్యాహ్నమే ఆ పిల్లాడు పోయాడు. రెండో ఇంటావిడ ఇచ్చింది. మూడో ఇంటావిడ ఎదురొచ్చి ఇచ్చింది. ఆ తర్వాత అడగక్కర్లేకపోయింది. తలా గుప్పెడు తవుడిచ్చి ఊళ్లో పిల్లలందరినీ కొన్నాడు. మగపిల్లలంతా తవిటయ్యలయ్యారు. ఆడపిల్లలంతా తవిటమ్మలయ్యారు.

మర్నాడు ఏ గుమ్మంలో అడిగినా ఒకటే జవాబు, తవిటయ్య కొన్నాడని. యముడి బంటు తవిటయ్య బియ్యం దంచే పాకకి వచ్చాడు. గవరమ్మ అప్పుడే అన్నం గిన్నెతో అక్కడికి వచ్చింది.

"వీళ్లందరినీ కొన్నది నువ్వేనా?"

"నేనే."

"మరి నిన్ను కొన్నదెవరు?"

"అసిరి. మా అమ్మ. ఇప్పుడు లేదు."

"అయితే నువ్వెవరివాడివీ కావు. ఎవరివాడూ కానివాడి బేరం చెల్లదు. పిల్లలు మళ్లీ వాళ్ల తల్లుల పిల్లలే. పోయి అడుగుతాను."

వాడు గుమ్మం దాటబోయాడు. తవిటయ్య గవరమ్మ వైపు చూశాడు. ఆమె ఒక్క మాటంటే వీడు ఒకరివాడవుతాడు, బేరం నిలుస్తుంది, ఊరి పిల్లలు మిగులుతారు. ఆ మాట అంటే వీడు పోతాడు. అనకపోతే వీడు మిగులుతాడు.

గవరమ్మ గిన్నె కింద పెట్టింది. కొంగుతో నోరు నొక్కుకుంది.

"అమ్మా," అన్నాడు తవిటయ్య. ఆమెని అలా పిలవడం అదే మొదలు. "అనమ్మా."

గవరమ్మ కొంగు తీసింది. వాడి మొహం రెండు చేతుల్లోకి తీసుకుంది.

"వీడు నా కొడుకు," అంది.

ఇంకోసారి అందామనుకుంది. అప్పటికే చేతుల్లో మొహం చల్లబడిపోయింది.

ఆ ఊరి పిల్లలు బతికారు. ఆ పేర్లు అలాగే ఉండిపోయాయి. పెద్దయ్యాక వాళ్ల పిల్లలకి పెట్టుకున్నారు, ఆ పిల్లలు వాళ్ల పిల్లలకి పెట్టుకున్నారు. పుట్టినవాళ్లు నిలవని ఇళ్లన్నిటికీ ఆ పేరు పాకింది. ఇప్పుడు ఆ వైపు ఏ ఊళ్లోనైనా వీధిలో నిలబడి తవిటీ అని పిలిస్తే, పదిమంది వెనక్కి తిరుగుతారు.

ఆ పేరు పెట్టనివాళ్లు కూడా మాట మానలేదు. పిల్లాడు మారాం చేస్తే, నువ్వు మా పిల్లాడివి కావురా, తవుడిచ్చి కొన్నాం అంటారు. పిల్లాడు మూతి ముడుచుకుని, అయితే నేను నీ కొడుకుని కానా అని అడుగుతాడు. తల్లి ఒకసారి గుమ్మం వైపు చూస్తుంది. నా కొడుకువే అని మాత్రం అనదు. ముద్ద కలిపి వాడి నోట్లో పెడుతుంది.